బావరి యాశ్రమము - సంతుష్టి విచారము

బౌద్ధభిక్షువుల జీవితమునుండి నేటివారు నేర్వదగిన గుణములలో సంతుష్టి మొదటిదని పలువురు చెప్పుచుందురు. పాఠశాలలలోని నీతిపాఠములందును, సభలలోని యుపన్యాసములందును ఈ మాట తఱచుగా వినబడును. భిక్షువునకు మూడు చీవరములు, ఒక పాత్ర చాలినవి. మనకు ఎన్ని యున్నను చాలవు. కావున ఉన్నదానితో తృప్తి నొందవలెను అని యా బోధ ముగియును. వినుటకు నిర్దుష్టముగానే యున్నను, మూలగ్రంథములతో సరిచూచినప్పుడు రెండు సందేహములు కలుగును. వస్తువులు తక్కువయైనంత మాత్రమున మనస్సునకు తృప్తి కలుగునా యనునది మొదటిది. ఉన్నదానితో తృప్తి నొందుమని ఎవరు ఎవరితో చెప్పదగును అనునది రెండవది.

ఈ విచారణకు నిజామాబాదు సీమకు ప్రత్యేకమైన హక్కు కలదు. లోకమున సంతుష్టు డెవడు అని బుద్ధుని యెదుట నిలిచి యడిగినవాడు గోదావరీతీరమున, అశ్మకదేశపు పొలిమేరను విద్య నేర్చిన శిష్యుడని సుత్తనిపాతము చెప్పుచున్నది. ఆ యశ్మకమునకు ముఖ్యపట్టణమైన పోతనము నేటి బోధనే యని పరిశోధకులు పలువురు తలచుచున్నారు. మన యేటి యొడ్డున పుట్టిన ప్రశ్నను మనమే శ్రద్ధతో చదువకున్నచో మఱి యెవరు చదువవలెను?

సుత్తనిపాతము పాలి త్రిపిటకమున ఖుద్దకనికాయమునకు చేరిన గ్రంథము. ఫౌస్‌బోల్ పండితుడు చేసిన ఆంగ్లానువాదము 1881లో వెలువడెను. ఆండర్సన్, స్మిత్ పండితులు పరిష్కరించిన మూలము 1913లో ప్రకటింపబడెను. దీనియందు కడపటిదైన యైదవ వర్గమే పారాయణవర్గము. ఇందు మూడు భాగములు కలవు. మొదటిది వత్థుగాథ యను కథాముఖము. రెండవది బావరి శిష్యులు పదునాఱుగురు అడిగిన ప్రశ్నలును, వానికి బుద్ధు డిచ్చిన యుత్తరములును. మూడవది పింగియుని స్తుతితో కూడిన యుపసంహారము. త్రిపిటకమునందే చేరియున్న చూళనిద్దేస మను ప్రాచీనవ్యాఖ్య ప్రశ్నలకు పదపదమునకు నర్థము చెప్పి, కథాముఖమును మాత్రము విడిచినది. దీనినిబట్టి ప్రశ్నలు ముందు పుట్టినవనియు, కథాముఖము తరువాత చేర్పబడినదనియు విమర్శకు లూహించిరి. ఈ యూహ సమంజసమే. అయినను వెనుక చేర్పబడినదను కారణముచేత దాని నుపేక్షించుట తగదు. ప్రశ్నలను లెస్సగా చదివిన యొక కవి వానికి తగిన పీఠిక రచించె నన్నచో, ఆ ప్రశ్నలపై మనకు దొరకిన తొలి విమర్శ యా పీఠికయే యగును. ఈ వ్యాసమునందు దానిని నేనట్లే చదువుచున్నాను.

స్థలనిర్ణయమును గూర్చి కొంత చెప్పవలసియున్నది. బావరి నివాసము అస్సకుని విషయమున, అళకమునకు సమీపమున, గోదావరి యొడ్డున నుండెనని గాథలు చెప్పుచున్నవి. అట్ఠకథ యింకను వివరించి, ఇరువు రంధకరాజుల రాజ్యములకు నడుమ గోదావరి చీలి మూడు యోజనముల లంక యేర్పడెననియు, అది వెలగచెట్ల వనమనియు పలుకుచున్నది. నేటి నిర్మల్ జిల్లాలో, ఖానాపురము ప్రాంతమున, గోదావరి నడుమ నున్న బాదనకుర్తియే యా లంక యని తెలంగాణ పరిశోధకులు కొంద రందురు. అళకము ననుచోట మూలక మను పాఠమును గ్రహించి, ఆశ్రమమును ప్రతిష్ఠానమునకు దగ్గఱగా జరుపువారును కలరు. అయితే శిష్యులు ఆశ్రమమునుండి బయలుదేఱి మొదట ప్రతిష్ఠానమును, పిదప మాహిష్మతిని, ఉజ్జయినిని చేరిరని గాథలే చెప్పుచుండుటచే, ఆశ్రమము ప్రతిష్ఠానమునకు దిగువను, నదీప్రవాహము తూర్పునకు సాగు ప్రదేశమున నుండె ననుట సులభముగా పొసగును. మంజీర గోదావరిలో కలియు కందకుర్తి మొదలుకొని బాదనకుర్తి వఱకు గల తీరమంతయు నీ యూహకు లోబడినదే. నా వాదము మాత్ర మొక యూరిపేరుపై నాధారపడినది కాదు.

ఇక కథ. బావరి కోసలదేశమున పుట్టిన బ్రాహ్మణుడు, మంత్రపారంగతుడు. ఏమియు లేకుండుట యను స్థితిని కోరి దక్షిణాపథమునకు వచ్చెను. పాలిలో దీనికి ఆకించఞ్ఞమని పేరు. గోదావరి యొడ్డున పరిగ యేఱుకొనియు, పండ్లు తినియు బ్రదుకుచుండెను. ఆశ్రమము చెంత పెద్ద గ్రామ మొకటి యుండెను. దానినుండి వచ్చిన యాదాయముతో ఆయన మహాయజ్ఞము చేసి, ఉన్నదంతయు పంచిపెట్టి, మరల నాశ్రమమున ప్రవేశించెను. అప్పుడు మఱియొక బ్రాహ్మణుడు వచ్చెను. వాని కాళ్లు పుండ్లుపడి యుండెను, పండ్లు పాచిపట్టి యుండెను, తల దుమ్ముకొట్టుకొని యుండెను. బావరి వానిని కూర్చుండబెట్టి క్షేమ మడిగెను. వాడు అయిదువందలు యాచించెను. ఉన్నదంతయు నిచ్చివేసితిని, నాయొద్ద నేమియు లేదు, మన్నింపుమని బావరి చెప్పెను. ఈయకున్నచో నేటికి ఏడవనాడు నీ తల యేడు వ్రక్కలగును అని వాడు శపించెను. నాటినుండి బావరికి తిండి సహింపలేదు. శోకశల్యము నాటుకొని చిక్కిపోయెను; ధ్యానమున మనస్సు నిలువలేదు. వాడు ధనాశగల కపటి, వానికి తల యననేమో, తల పగులుట యననేమో తెలియదని యొక దేవత చెప్పి, తెలిసినవాడు బుద్ధుడని శ్రావస్తివైపు చూపెను. బావరి తన శిష్యులు పదునాఱుగురను పంపెను.

ఈ కథను దుష్టయాచకుని వృత్తాంతముగా చదివి విడుచుట పరిపాటి. కాని కవి దృష్టి యాచకునిపై కాదు, బావరిపై నున్నది. బావరికి లేనిదేమి? పరిగ యేఱుకొని తినువానికి భోగలాలస యున్నదనలేము. ఉన్నదంతయు పంచినవానిని లోభి యనలేము. ముఱికివాడు వచ్చినను ఆసనమిచ్చి యాదరించినవానికి గర్వ మున్నదనలేము. నేటి నీతిపాఠముల కొలమానముతో కొలిచినచో ఆయనకంటె సంతుష్టుడు లేడు. అట్టివా డొక్క శాపవాక్యముతో కూలిపోయెను. చేతిలో నేమియు లేకపోయినను, మనస్సులో పట్టుకొనినది మిగిలియే యున్నది. తలమీది ప్రీతి మిగిలినది; దానమువలన తన కేదో రక్షణ కలుగునను నమ్మిక మిగిలినది. ఏమియు లేకుండుటను ఆయన ఒక సంపాద్యవస్తువుగా కోరి వచ్చెను. కోరి సంపాదించినది పోవునేమో యను భయము సహజముగా వెంటవచ్చినది.

కావుననే శిష్యులలో మొదటివాడైన అజితుడు గురువు పక్షమున తలను గూర్చి యడుగగా, తల యనగా అవిద్య యనియు, దానిని పగులగొట్టునది శ్రద్ధ, స్మృతి, సమాధి, ఛందము, వీర్యము తోడైన విద్య యనియు బుద్ధుడు చెప్పెను. శాపముగా వినబడినది ఇచ్చట వరముగా మాఱినది. పగులవలసిన తల యేదో బావరికి తెలియదు. పగులునేమో యని వెఱచుచున్నది వేఱొక తల. కథాముఖమును రచించిన కవి యీ భేదమును చూపుటకే యాచకుని కల్పించెనని నా యభిప్రాయము.

ఇప్పుడు రెండవ శిష్యుడైన తిస్సమెత్తేయ్యుని ప్రశ్నను చూతము. ఈ లోకమున సంతుష్టు డెవడు? చలింపనివా డెవడు? రెండు కొనల నెఱిగి నడుమ చిక్కుకొననివా డెవడు? మహాపురుషు డని యెవనిని చెప్పుదురు? కుట్టుదానిని దాటినవా డెవడు? ఇది యాతని ప్రశ్నల సారము. కామములయందు బ్రహ్మచర్యము గలవాడై, తృష్ణ వీడి, ఎల్లవేళల స్మృతి గలవాడై, తెలిసి శాంతించిన భిక్షువే యట్టివాడని యుత్తరము. ఇందు కామములయందు అను సప్తమిని రెండు విధముల చెప్పవచ్చును. కామముల విషయమున విరతి యని యొకటి. కామముల నడుమ నున్నను అని మఱియొకటి. ఏ విధముగా చెప్పినను, విడువదగినదిగా పేర్కొనబడినది తృష్ణయే కాని వస్తువు కాదు. వస్తువుల లెక్క యీ యుత్తరమున నెచ్చటను లేదు.

కుట్టునది యను మాట విశేషముగా గమనింపదగినది. పాలిలో సిబ్బని. తృష్ణకు నది పేరు. గుడ్డకు గుడ్డను కుట్టినట్లు తృష్ణ యొక భవమును మఱియొక భవమునకు కుట్టునని వ్యాఖ్యాతలు చెప్పుదురు. దీనిని గూర్చియే అంగుత్తరనికాయము ఆఱవ నిపాతమున నొక చక్కని ప్రసంగము కలదు. ఋషిపతనమున వృద్ధభిక్షువులు కూడి, మెత్తేయ్యుని ప్రశ్నలోని రెండు కొన లేవి, నడుమ యేది యని చర్చించిరి. గతము, అనాగతము కొనలు, వర్తమానము నడుమ యని యొకరు. సుఖము, దుఃఖము కొనలు, రెండును కానిది నడుమ యని యొకరు. ఇట్లు ఆఱుగురు ఆఱువిధముల చెప్పిరి. కుట్టునది తృష్ణ యనుటలో మాత్ర మందఱు నేకీభవించిరి. బుద్ధు డందఱును బాగుగనే చెప్పిరని మెచ్చి, తాను ఉద్దేశించినది స్పర్శ, స్పర్శోదయము, స్పర్శనిరోధము అని తెలిపెను. గోదావరీతీరపు శిష్యుని ప్రశ్న భిక్షుసంఘమున ఎంతకాలము విచారింపబడెనో యీ ప్రసంగమువలన తెలియుచున్నది.

లేమి యొక కొనయైనచో కలిమి మఱియొక కొన. ఆ రెండవ కొనకును పోతలి పేరుతోనే యొక కథ యున్నది. అస్సకజాతకమున పోతలి నగరపు రాజైన అస్సకుడు, మరణించిన రాణి యుబ్బరి శరీరమును తైలమున నుంచి, అన్నపానములు మాని విలపించుచుండెను. ఆమె యిప్పుడు పేడపురుగై పుట్టి, తన జోడు పురుగునే రాజుకంటె మిన్నగా ప్రేమించుచున్నదని యొక తాపసుడు చూపగా రాజు తెలివొందెను. జాతకము ఆ నగరమును కాశీరాష్ట్రమున చెప్పుచుండుటచే దేశనిర్ణయమునకు దీనిని ప్రమాణముగా గొనరాదు. భావనిర్ణయమునకు మాత్ర మిది చాలును. అన్నియు గల యస్సకరాజును, ఏమియు లేని బావరియు నన్నము సహింపక చిక్కిన విధము ఒక్కటియే. ఇద్దఱిని బంధించిన కుట్టు ఒక్కటియే.

అట్లయినచో భిక్షువునకు మూడు చీవరములని నియమించుట యేల యని యడుగవచ్చును. తృష్ణ మనస్సున నుండగా చీవరములను లెక్కించి ప్రయోజన మేమి? వినయపిటకమును చదివినవారికి దీని సమాధానము తెలియును. భిక్షువునకు ఉపసంపద యిచ్చునప్పుడు నాలుగు నిశ్రయములు చెప్పబడును: భిక్షాన్నము, పాంసుకూలచీవరము, చెట్టుక్రింది వాసము, గోమూత్రౌషధము. ఆ వెంటనే ప్రతిదానికిని అధికలాభములును చెప్పబడును: నిమంత్రణభోజనము, నూలుబట్ట, విహారము, నేయి, తేనె మొదలైనవి. నాలుగు నిశ్రయములు ఆధారము. తక్కినది దొరకినప్పటి లాభము. దొరకనినాడు దుఃఖింపకుండుటయు, దొరకిననాడు అంటుకొనకుండుటయు అభ్యసింపవలెను. నియమములు మనస్సునకు బదులు పెట్టినవి కావు. మనస్సును ప్రతిదినము పరీక్షించుటకు పెట్టినవి. అదనపు చీవరము పదిదినములకు మించి యుంచుకొనరాదు. అయిదు అతుకులు పడకముందే పాత్రను మార్చరాదు. ఇట్టి నియమము ముందుండగా, నాకిది యవసరమా, లేక కోరికయా అను ప్రశ్న భిక్షువునకు తప్పదు.

చెఱకు పండించు సీమవారికి మఱియొక నియమము ఆసక్తికరముగా నుండును. నేయి, వెన్న, నూనె, తేనె, ఫాణితము అను నైదింటిని రోగి యౌషధముగా ఏడుదినముల వఱకు ఉంచుకొనవచ్చును. ఫాణిత మనగా చెఱకునుండి పుట్టినదని వినయమే నిర్వచించినది. మహావగ్గమున బేలట్ఠ కచ్చాను డను వర్తకుని కథ కలదు. వాడు అయిదువందల బండ్లతో బెల్లపుకుండలు తీసికొనిపోవుచు త్రోవలో భిక్షుసంఘమును చూచి, ఒక్కొక్క భిక్షువునకు ఒక్కొక్క కుండ నిచ్చెను. ఎంత పంచినను బెల్లము మిగిలినది. పిదప రాజగృహమున నీ విషయమై సందేహము రాగా, రోగికి బెల్లమును, ఆరోగ్యవంతునకు బెల్లపునీటిని బుద్ధు డనుజ్ఞ యిచ్చెను. ఇందు బెల్లము దోషమని చెప్పబడలేదు. తీపిని నిందింపలేదు. రోగి కెంత, ఆరోగ్యవంతున కెంత యని మాత్రమే విచారింపబడినది. సంతుష్టి యనగా మితము నెఱుగుట యని చెప్పుటకు ఇంతకంటె స్పష్టమైన యుదాహరణ మేల?

మితము దేశమునుబట్టి మాఱును. అవంతి దక్షిణాపథమున నేల నల్లనిది, గట్టిది, పశువుల గిట్టలచే గుంటలు పడినది యని మహాకాత్యాయనుడు సోణుని ద్వారా విన్నవింపగా, ఆ దేశములయందు దళసరి పాదరక్షలను, తఱచు స్నానమును బుద్ధు డనుమతించెను. నల్లరేగడిలో నడచినవా రెవరును ఈ యనుజ్ఞలోని దయను గుర్తింపకుండలేరు. సంతుష్టి పేర దేహమును హింసించుట ఆ మార్గమున లేదు.

చుళ్లవగ్గములోని యానందుని కథ దీనికి ఉత్తరార్ధము వంటిది. కౌశాంబిలో ఉదయనుని యంతఃపురస్త్రీలు ఆనందునకు అయిదువందల వస్త్రము లిచ్చిరి. ఇన్ని బట్టలతో భిక్షువు అంగడి పెట్టునా యని రాజు కినిసి, పోయి యడిగెను. చీవరములు జీర్ణించిన భిక్షువులకు పంచెదనని ఆనందుడు చెప్పెను. ఆ పాతవాని నేమి చేయుదురు? పఱపుపై కప్పుదుము. అవి చినిగినచో? పఱపు గలీబులు చేయుదుము. అవియు చినిగినచో? నేలపై పఱతుము, కాళ్లు తుడుచుకొందుము. కడపట చీలికలను మంటిలో కలిపి నేల పూయుదుము. రాజు సంతసించి మఱి యయిదువందల వస్త్రము లిచ్చెను. ఇచ్చట సంతుష్టి యొకని మనస్సులోని గుణముగా నిలిచిపోలేదు. సంఘములో వస్తువు నడచు క్రమముగా మాఱినది. ఒంటరియైన బావరికి లేనిదియు, భిక్షువునకు ఉన్నదియు ఈ క్రమమే. బావరి యొక్కమాఱు సర్వము నిచ్చివేసి రిక్తహస్తుడయ్యెను. భిక్షువు ప్రతిదినము తీసికొనుచు, ప్రతిదినము ఇచ్చుచు బ్రదుకును. అయిదువందలు లేవను మాట బావరికి శాపమును తెచ్చినది. అయిదువందలు వచ్చినను ఆనందునకు చిక్కు కలుగలేదు.

ఇక రెండవ సందేహము. ఉన్నదానితో తృప్తి నొందుమని ఎవరితో చెప్పదగును? మంజీరపై నిజాంసాగరము 1931లో ముగిసిన పిదప బోధను మాగాణులలో చెఱకు విస్తరించినది. 1937లో నిజాం చక్కెర కర్మాగారము స్థాపింపబడినది. దాని చుట్టును శక్కర్‌నగర మేర్పడినది. ఆ యంత్రములు 2015 డిసెంబరులో నిలిచిపోయినవి. చెఱకు సొమ్ముకై యెదురుచూచు రైతుతోను, పని పోయిన కార్మికునితోను సంతుష్టిని గూర్చి ప్రసంగించుట ధర్మమా? బౌద్ధగ్రంథములు దీనికి సంశయము లేని యుత్తరము నిచ్చుచున్నవి. సంతుష్టిని బుద్ధుడు బోధించినది దానము తీసికొను భిక్షువునకు, తన విషయమున. రాజునకు చెప్పినది వేఱు. కూటదంతసూత్రమున పురోహితుడు మహావిజితరాజునకు, సేద్యము చేయువారికి విత్తనమును గ్రాసమును, వర్తకులకు మూలధనమును, కొలువుచేయువారికి జీతబత్తెములను ఇమ్మని యుపదేశించెను. ధనహీనులకు ధనము చేకూర్పకుండుటచే దారిద్ర్యమును, దానినుండి దొంగతనమును పెరిగెనని చక్రవర్తిసింహనాదసూత్రము చెప్పుచున్నది. దరిద్రునకు తృప్తిని బోధింపుమని యా సూత్రములలో నెచ్చటను లేదు.

గృహస్థుని సుఖములను గూర్చి అనాథపిండికునకు చెప్పినప్పుడు, ధనము కలిగియుండుట, దాని ననుభవించుట, ఋణము లేకుండుట, నింద లేకుండుట యని బుద్ధుడు నాలుగింటిని లెక్కించెను. ఋణము లేకుండుట సుఖమని పేరుపెట్టి చెప్పిన శాస్త రైతునకు పరాయివాడు కాడు. మఱియు, సత్కార్యముల విషయమున ఇంత చాలునని తృప్తిపడకుండుట యొక గుణమని అంగుత్తరనికాయమే చెప్పుచున్నది. కావున అన్నవస్త్రముల విషయమున తృప్తియు, ధర్మవిషయమున అతృప్తియు ఒక్క బోధకే రెండు ముఖములు. మొదటిదానిని పట్టి రెండవదానిని విడిచినవాడు సోమరి యగును. రెండవదానిని విడిచి మొదటిదానిని ఇతరులకు బోధించువాడు అన్యాయమునకు తోడగును.

ఈ విచారణవలన తేలిన దిది. ఆధునికుడు భిక్షువునుండి నేర్వవలసినది వస్తువుల తగ్గింపు మాత్రము కాదు. అంగడి ప్రకటన యొక కోరికను మఱియొక కోరికకు కుట్టుచుండగా ఆ సూది యెచ్చట దిగుచున్నదో కనిపెట్టుట మొదటి పాఠము. తనకు తాను మితము నేర్పఱచుకొని, మిగిలినది ఇతరునకు చేరు త్రోవను ముందుగనే తీర్చుకొనుట రెండవ పాఠము. ఆ మితమును తనకే గాని పొరుగువానికి విధింపకుండుట మూడవ పాఠము. నీతిపాఠములు చెప్పు పండితులు మొదటిదానితో పాటు తక్కిన రెంటిని గూడ చెప్పినప్పుడే బాలురకు బౌద్ధధర్మము యథార్థముగా తెలియును.

పారాయణవర్గము ముగింపు ఈ యర్థమునే బలపఱచుచున్నది. పదునాఱుగురిలో కడపటివాడు పింగియుడు. ముసలివాడు, బలము లేదు, చూపు మందగించినది, వినికిడి తగ్గినది. మోహముతో నడుమనే నశింపకుండ ధర్మము చెప్పుమని యాతడు బుద్ధుని వేడెను. తిరిగి గోదావరికి వచ్చి బావరికి తాను చూచినది చెప్పగా, అట్టివానిని విడిచి ఒక్క ముహూర్తమైనను ఎట్లుండగలవని బావరి యడిగెను. దేహము ముదిసినది కావున పోజాలను. మనస్సుతో రేయింబవళ్లు చూచుచునే యున్నాను, నాకు వియోగము లేదు అని పింగియుడు బదులుచెప్పెను. ఇతనికిని చేతిలో నేమియు లేదు. దేహము బావరి దేహమువలెనే శిథిలము. అయినను ఇతని మాటలో భయము లేదు. ఒక్క యాశ్రమమున ఇద్దఱు వృద్ధులను ఎదురెదురుగా కూర్చుండబెట్టి, మెత్తేయ్యుని ప్రశ్నకు కవి యిచ్చిన యుత్తర మిది యని నేను తలచుచున్నాను. పాలి నెఱిగిన పండితులు ఈ యన్వయమును పరిశీలింతురు గాక.